కలక నీళ్లలో పెద్ద ట్రౌట్: రంగును కాదు, కొయ్యింగ చేపను చూడండి

మీ ప్రశ్న పూర్తిగా చదివాను. రెండేళ్లుగా వారాంతాల్లో టెక్సాస్ తీరంలోని గాల్వెస్టన్ వెస్ట్ బే అనే అఖాతంలో నడుము లోతు నీళ్లలో దిగి గాలం వేస్తున్నారు. నీళ్లు ఎప్పుడు చూసినా టీ రంగులో ఉంటున్నాయి. పడేవన్నీ పద్నాలుగు, పదిహేను అంగుళాల చిన్న చేపలే. నీళ్లు తేటగా ఉన్న రోజే వెళ్లమని మిత్రులు అంటున్నారు. 25 అంగుళాలు దాటిన స్పెకిల్డ్ ట్రౌట్ చేపను పట్టాలంటే ఏం చేయాలి, ఏ ల్యూర్ (చేపలా కనిపించే ఉత్తుత్తి ఎర) వాడాలి, ఇంట్లో మీ ఆవిడ భయపడుతున్నట్టు ఇందులో నిజంగా ప్రమాదం ఉందా, పట్టిన చేపను తినొచ్చా. మీరు అడిగినవి ఇవే కదా. నేను హ్యూస్టన్ దగ్గర పద్దెనిమిదేళ్లుగా ఉంటున్నాను. అందులో పద్నాలుగేళ్లు ఈ బేలలో నడిచాను. నాకు తెలిసింది చెబుతాను.

ముందు మీ మిత్రుల మాట సంగతి. తేట నీళ్ల కోసం ఎదురు చూస్తే ఏడాదికి పది రోజులు కూడా దొరకవు. గాల్వెస్టన్ బే విశాలమైనదే కానీ సగటు లోతు పది అడుగులు కూడా లేదు. దక్షిణపు గాలి ఒక పూట గట్టిగా వీచిందంటే అడుగున ఉన్న బురదంతా పైకి లేస్తుంది. పైనుంచి ట్రినిటీ, సాన్ జసింటో నదులు ఒండ్రు తెస్తూనే ఉంటాయి. ఇక్కడి ట్రౌట్ పుట్టేదీ పెరిగేదీ ఈ కలకలోనే. నీళ్లు మడ్డిగా ఉన్నాయని మనం ఇంట్లో కూర్చుంటాం కానీ అది ఆకలితో కూర్చోదు.

దీనికి నేను ఎప్పుడూ చెప్పే ఉదాహరణ బాఫిన్ బే. కార్పస్ క్రిస్టీకి దక్షిణాన ఉంటుంది, హ్యూస్టన్ నుంచి కారులో నాలుగు గంటల పైమాటే. పెద్ద నదులేవీ అందులో కలవవు, ఎండకు నీరు ఆవిరవుతూ ఉంటుంది, అందుకే చాలా కాలాల్లో అది సముద్రం కంటే ఉప్పగా ఉంటుంది. 1990లో అక్కడ బ్రౌన్ టైడ్ మొదలైంది. కంటికి కనిపించనంత చిన్న నాచు కోట్లలో పెరిగి నీళ్లన్నీ గోధుమ రంగుకు తిరిగాయి. అది ఏడెనిమిదేళ్ల పాటు పోలేదు. ఇక బాఫిన్ పని అయిపోయిందనుకున్న వాళ్లు ఉన్నారు. సరిగ్గా ఆ కాలంలోనే, 1996లో, జిమ్ వాలెస్ అనే ఆయన అదే బాఫిన్‌లో 13 పౌండ్ల 11 ఔన్సుల ట్రౌట్ పట్టారు. అప్పటికి అది టెక్సాస్ రాష్ట్ర రికార్డు. 2002లో టెక్సాస్ దక్షిణ కొసన ఉన్న లోయర్ లగూనా మాడ్రేలో బడ్ రోలండ్ 15 పౌండ్ల 6 ఔన్సుల చేప పట్టేదాకా ఆ రికార్డు నిలిచింది. కలక నీళ్లలో పెద్ద చేప ఉండదనే మాట నా ముందు ఎవరైనా అంటే నేను ఈ 1996 సంగతే చెబుతాను.

అయితే కలకల్లో తేడా ఉంది, అది గుర్తుపట్టడం నేర్చుకోవాలి. గాలికి లేచిన బురద వేరు, నది తెచ్చిన బురద వేరు. గాలి బురద ఉప్పు నీళ్లలోనే ఉంటుంది. గాలి తగ్గాక ఒకటి రెండు పోటుపాట్లలో కిందికి దిగుతుంది. నది బురద వెంట మంచినీళ్లు వస్తాయి. ఉప్పు బాగా తగ్గిపోతే ట్రౌట్ ఆ చోటు వదిలి ఉప్పున్న వైపు జరుగుతుంది. 2017లో హార్వే తుఫాను తర్వాత గాల్వెస్టన్ బే చాలా భాగం మంచినీళ్లయిపోయింది, ఆ కొన్ని వారాలు నదులు కలిసే పైభాగంలో వెతికిన వాళ్లకు ఏమీ దొరకలేదు. గుర్తు పట్టడం కష్టం కాదు. ట్రినిటీకి వరద వచ్చినప్పుడు బేలోకి దుంగలతో పాటు గుర్రపుడెక్క కూడా కొట్టుకొస్తుంది. మన చెరువుల్లో ఉండే గుర్రపుడెక్కే, ఊదా పువ్వులతో సహా. అది తేలుతూ కనిపిస్తే కారు వెనక్కి తిప్పి, సముద్రానికి దగ్గరగా ఉన్న ఒడ్డుకు వెళ్లండి. అది లేకుండా ఉత్త బురదే అయితే దిగండి. నేను వాడే కొలత ఒకటుంది. ల్యూర్‌ను రాడ్ (గాలం కర్ర) కొసన వేలాడదీసి నీళ్లలో ముంచుతాను. అడుగు లోతు వరకు దాని నీడ ఆనవాలు కనిపిస్తే ఆ నీళ్లు చాలు. నాలుగు అంగుళాలకే మాయమైతే అదే ఒడ్డున ఇంకో అర మైలు నడిచి చూస్తాను.

అసలు విషయానికి వస్తాను. మాది నాగాయలంక. కృష్ణా నది సముద్రంలో కలిసే ఆ వైపు నీళ్లు ఏడాది పొడవునా బురదే. మా తాతయ్య విసురువల భుజాన వేసుకుని ఒడ్డు వెంట నడుస్తుంటే నేను బుట్ట పట్టుకుని వెనక వెళ్లేవాణ్ణి. నీళ్ల రంగు గురించి ఆయన మాట్లాడగా నేను ఒక్కసారి కూడా వినలేదు. కొయ్యింగను చూసేవారు. అది ఎటు ఎగిరింది, ఒంటరిగా ఎగిరిందా, గుంపు గుంపే ఒక పక్కకు చెదిరిందా అని చూసేవారు. "కింద ఎవరో తరుముతున్నార్రా" అనేవారు. టెక్సాస్ వచ్చిన మొదటి నాలుగేళ్లు నేను ఆ మాట మర్చిపోయి ల్యూర్ల మీద వందల డాలర్లు పోశాను. ఇక్కడ మల్లెట్ అనేది మన కొయ్యింగే. పెద్ద ట్రౌట్‌కు ఇష్టమైన తిండి అదే.

ఈ ముక్క అర్థమైతే మీకు పిల్లలే ఎందుకు పడుతున్నాయో కూడా అర్థమవుతుంది. చిన్న ట్రౌట్ గుంపులుగా తిరుగుతూ రొయ్యలు తింటుంది. రొయ్యలు పైకి ఎగిరితే వాటి మీద సీగల్ పక్షులు అరుస్తూ ముసురుతాయి. అది చూసి అందరం ఆశగా అటే పోతాం, పదిహేను అంగుళాలవి ఇరవై పడతాయి. బాగా పెరిగిన ట్రౌట్ లెక్క వేరు. రోజంతా రొయ్యల వెంట పడకుండా, ఒక బలమైన కొయ్యింగను మింగి గంటల తరబడి కదలకుండా పడి ఉంటుంది. తన పొడవులో మూడో వంతు ఉన్న కొయ్యింగను కూడా మింగగలదు. అలాంటి చేప ఒంటరిగానో, ఇద్దరు ముగ్గురు తోడుతోనో ఉంటుంది. ఇంకో సంగతి, 25 అంగుళాలు దాటినవి దాదాపు అన్నీ ఆడవే.

కాబట్టి ఒడ్డుకు చేరగానే నీళ్లలోకి దిగకండి. పది నిమిషాలు నిలబడి చూడండి. కొయ్యింగ ఊరికే కూడా ఎగురుతుంది. ఒకే చేప తీరిగ్గా మూడు నాలుగు సార్లు ఎగిరి పక్కకు దబ్బున పడితే దానికి అర్థం ఏమీ లేదు. గుంపు మొత్తం ఒక్కసారిగా గీత గీసినట్టు ఒక దిక్కుకు జరిగినా, చిన్నవి నీటి మీద రాళ్లు విసిరినట్టు చెదిరినా, అక్కడ కింద పెద్దది ఉందని అర్థం. చలికాలంలో అంత సందడి కూడా ఉండదు. గంటసేపట్లో ఒక్క కొయ్యింగ తోక ఆడించినా నాకు చాలు, అక్కడే ఆగిపోతాను.

రెండో గుర్తు నీటి మీద నూనె మెరుపు. ఇక్కడి వాళ్లు స్లిక్ అంటారు. కొవ్వున్న చేపను ట్రౌట్ కొరికి తిన్నప్పుడు, తిన్నది కక్కినప్పుడు ఆ నూనె పైకి తేలుతుంది. దానికి కోసిన పుచ్చకాయ వాసన వస్తుంది. మొదటిసారి విన్నప్పుడు నేను నమ్మలేదు, తర్వాత ముక్కుతోనే తెలుసుకున్నాను. అన్నం కంచమంత చిన్నగా, అంచు స్పష్టంగా ఉంటే అది అప్పుడే లేచింది. పెద్దగా పరుచుకుని ఉంటే గాలికి చాలా దూరం జరిగి వచ్చింది. అందుకే ల్యూర్ ఎప్పుడూ మెరుపుకు గాలి వచ్చే వైపున వేయాలి, మెరుపు మధ్యలో కాదు.

మూడోది నీటి రంగు మారే గీత. కలక నీళ్లూ కాస్త తేట నీళ్లూ కలిసే చోట ఒక అంచు ఏర్పడుతుంది. పెద్ద ట్రౌట్ కలక వైపు దాక్కుని తేట వైపు వచ్చేవాటిని అందుకుంటుంది. మనం తేట వైపు నుంచి నడుస్తూ వెళ్తే దానికి ముందే తెలిసిపోతుంది. కలక వైపు ఉండి అంచు వెంట పొడవుగా విసరండి.

కళ్లకు ఏమీ కనిపించని నీళ్లలో అది వేటాడేది ఎలా అని మీరు అడగొచ్చు. చేప పక్కల వెంబడి తల దగ్గర్నుంచి తోక దాకా ఒక గీత ఉంటుంది, నీటిలో చిన్న కదలికను కూడా అది పసిగడుతుంది. దానికి తోడు వినికిడి. పేరుకు ట్రౌట్ అంటారు కానీ దీనికి చల్లటి ఏటి నీళ్లలో ఉండే ట్రౌట్‌తో చుట్టరికమే లేదు. ఇది క్రోకర్ల కుటుంబం, మన తీరంలో గొరస అనే చేపల బంధువు. ఈ కుటుంబంలో చాలా చేపలు కడుపులోని గాలితిత్తిని కండరాలతో కొట్టి చప్పుడు చేస్తాయి. ట్రౌట్‌లో గుడ్లు పెట్టే కాలంలో మగవి అలా చప్పుడు చేసి ఆడవాటిని పిలుస్తాయి. చప్పుడుతో బతికే జీవి దగ్గరికి మనం బూట్లతో ఆల్చిప్పలు నలుపుతూ వెళ్తే ఏమవుతుంది? నీళ్లలో చప్పుడు గాలిలో కంటే నాలుగింతల వేగంగా పోతుంది. పడవ దిగి నడవడంలో ఉన్న లాభమంతా నిశ్శబ్దంలోనే ఉంది. నేను ఒక అడుగు వేసి, పది పన్నెండు సార్లు విసిరి, మళ్లీ ఒక అడుగు వేస్తాను. గంటలో వంద గజాలు దాటను. నాతో మొదటిసారి వచ్చిన వాళ్లకు ఇది భరించరానంత నెమ్మదిగా ఉంటుంది. కానీ పెద్ద చేపలు పట్టే వాళ్లకూ మిగతా వాళ్లకూ నేను చూసిన అతి పెద్ద తేడా ఇదే.

విసరడం కూడా అంతే. తేట నీళ్లలో చేప పది అడుగుల దూరం నుంచి వచ్చి కొడుతుంది. కలకలో ల్యూర్ దాని ముక్కు ముందు నుంచి పోవాలి. కొయ్యింగ చెదిరిన చోట ఒక్కసారి వేసి ఏమీ తగల్లేదని వదిలేయకండి. అదే చోటికి అయిదారు సార్లు, కోణం కొద్దికొద్దిగా మార్చి వేయండి.

ల్యూర్ల గురించి నాకు గట్టి అభిప్రాయాలున్నాయి. చలికాలంలో, అంటే డిసెంబర్ నుంచి మార్చి దాకా, నా చేతిలో ఉండేది కార్కీ. హ్యూస్టన్‌కు చెందిన పాల్ బ్రౌన్ తయారుచేసిన మెత్తటి ల్యూర్ అది, ఇప్పుడు మిర్రోల్యూర్ కంపెనీ వాళ్లు చేస్తున్నారు. నెమ్మదిగా మునుగుతుంది. రెండు చిన్న కుదుపులు, తర్వాత ఆపడం. ఆ ఆపడంలోనే చేప పడుతుంది. నేను మూడు, నాలుగు, నీళ్లు బాగా చల్లగా ఉంటే ఆరు అంకెలు లెక్కపెడతాను. దెబ్బ గట్టిగా తగులుతుందని ఎదురు చూడకండి. తడిగుడ్డకు తగులుకున్నట్టు లైను బరువెక్కుతుంది, అంతే. రంగు విషయంలో కలక నీళ్లకు ముదురు రంగే. నలుపు, ముదురు ఊదా, తోక మాత్రం చార్ట్రూస్, అంటే పసుపు కలిసిన పచ్చ. కింద నుంచి చూసే చేపకు ఆకాశం ముందు నల్లటి ఆకారమే బాగా తెలుస్తుంది. వేసవి తెల్లవారుజామున అయితే లోపల గుండ్లు గలగలమనే టాప్‌వాటర్ ల్యూర్ (నీటి మీద తేలేది), ఎండెక్కాక పదహారో వంతు ఔన్సు జిగ్‌హెడ్‌కు (తల బరువున్న గాలానికి) గుచ్చిన సాఫ్ట్ ప్లాస్టిక్ ఎర. ఇరవై పౌండ్ల బ్రెయిడ్ (అల్లిన దారం), దాని కొసకు రెండడుగుల ఫ్లోరోకార్బన్ లీడర్ (నీళ్లలో అంతగా కనిపించని దారం), ఏడడుగుల తేలికపాటి రాడ్ సరిపోతాయి. చేప లాగినప్పుడు రీల్ దారాన్ని ఎంత బిగువుగా వదలాలో చూసే డ్రాగ్‌ను మాత్రం వదులుగా పెట్టండి. ట్రౌట్ నోరు పల్చటి పొర, గట్టిగా లాగితే చిరిగి గాలం ఊడిపోతుంది. నా మొదటి పెద్ద చేపను నేను అలాగే పోగొట్టుకున్నాను. కాళ్ల దగ్గరికి వచ్చి తల విదిలించింది, నేను రీల్‌ను బొటనవేలితో అదిమాను. ఆ తలను ఇప్పటికీ మర్చిపోలేదు.

ఎప్పుడు వెళ్లాలి అంటే నా సమాధానం ఫిబ్రవరి, మార్చి. ఉత్తరపు చలిగాలి రాబోయే ముందు రోజు చేపలు తెగ తింటాయి. గాలి వచ్చాక అది బేలోని నీళ్లను సముద్రంలోకి తోసేస్తుంది. ఇక్కడ పోటుకూ పాటుకూ తేడా మామూలు రోజుల్లో రెండడుగులు కూడా ఉండదు, అందుకే చంద్రుడి కంటే గాలే నీటి మట్టాన్ని ఎక్కువగా మారుస్తుంది. రెండో రోజో మూడో రోజో ఎండ కాస్తుంది. అప్పుడు తెల్లవారుజామున పరుగెత్తకుండా మధ్యాహ్నం రెండు గంటలకు వెళ్లండి. నల్లటి బురద, మధ్యమధ్య ఆల్చిప్పలు ఉన్న నేల ఎండను పీల్చుకుని చుట్టూ ఉన్న నీటి కంటే రెండు మూడు డిగ్రీలు వేడెక్కుతుంది. కొయ్యింగలు అక్కడికి చేరతాయి, వాటి వెనక పెద్ద ట్రౌటూ వస్తుంది. నేను 28 అంగుళాలు దాటిన చేపలు రెండు పట్టాను. రెండూ ఫిబ్రవరిలో, మధ్యాహ్నం మూడు తర్వాత, మోకాలి పైదాకా ఉన్న మడ్డి నీళ్లలోనే పడ్డాయి.

ఇక మీ ఆవిడ భయం. ఆవిడ భయపడటంలో అర్థముంది. ఆవిడను ఊరుకోబెట్టడానికి ప్రమాదం ఏమీ లేదని నేను చెప్పను.

కలక నీళ్లలో అడుగున ఏముందో కనిపించదు. వెచ్చటి నెలల్లో టేకు చేపలు, అంటే స్టింగ్‌రేలు, ఇసుకలో పడుకుని ఉంటాయి. కాలు ఎత్తి వేయకూడదు, ఈడ్చుకుంటూ నడవాలి. పాదం పక్కగా తగిలితే అది లేచి పోతుంది, మీద పడితేనే ముల్లు దించుతుంది. చీలమండ పైదాకా వచ్చే రక్షణ బూట్లు దొరుకుతాయి. మొదట కొనాల్సింది రాడ్ కాదు, అవి. ముల్లు దిగితే చర్మం కాలకుండా ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో కాలు ముంచి ఉంచితే నొప్పి తగ్గుతుంది, ఆ తర్వాత డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

దానికన్నా నేను ఎక్కువ భయపడేది విబ్రియో వల్నిఫికస్ అనే బ్యాక్టీరియాకు. వెచ్చటి ఉప్పునీళ్లలో ఉంటుంది, చిన్న గాటు గుండా కూడా లోపలికి పోతుంది. లివర్ జబ్బు, షుగర్ ఉన్నవాళ్లకు ప్రాణాంతకం కావచ్చు. మనవాళ్లలో షుగర్ ఎంతమందికి ఉందో మీకు తెలుసు. ఒంటి మీద పుండు గానీ కొత్త గాటు గానీ ఉంటే వేసవిలో దిగొద్దు. ఆల్చిప్ప కోసుకుంటే వెంటనే పైకి వచ్చి సబ్బుతో, మంచినీళ్లతో కడగండి. కొన్ని గంటల్లో ఎర్రబడి వాచి నొప్పి పెరుగుతుంటే రేపటిదాకా ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లి, ఉప్పునీళ్లలో దిగానని ముందుగా చెప్పండి.

చలికాలంలో వేడర్స్, అంటే కాళ్ల నుంచి ఛాతీ దాకా నీళ్లు చొరని దుస్తులు, వేసుకుంటే నడుముకు బెల్టు బిగించండి. ఒకసారి నేను బెల్టు లేకుండా దిగి, కనిపించని గుంటలో పడ్డాను. వేడర్స్ నిండా చన్నీళ్లు చేరాయి. తోడు వచ్చిన మిత్రుడు చెయ్యి పట్టి లాగకపోతే ఈ సమాధానం రాసేవాణ్ణి కాదు. ఆరోజు నుంచి ఒంటరిగా వెళ్లడం మానేశాను, నడుముకు కట్టుకునే లైఫ్ జాకెట్ లేకుండా దిగడం లేదు. షిప్ ఛానల్ (ఓడలు పోయే లోతైన దారి) దగ్గర నడిచేటప్పుడు పెద్ద ఓడ పోయిన కాసేపటికి నీళ్లు ముందు వెనక్కి లాగి తర్వాత ఎత్తుగా వస్తాయి, ఓడ కనిపిస్తే ఒడ్డుకు జరగండి. గాల్వెస్టన్ ద్వీపం పడమటి చివర శాన్ లూయిస్ పాస్ ఉంది. చూడ్డానికి మోకాలి లోతులా ఉంటుంది. అక్కడి ప్రవాహానికి ఎంతోమంది బలయ్యారు. అక్కడ దిగకండి, పిల్లల్ని అసలే దించకండి.

చివరిగా తిండి సంగతి. చేపలు పట్టాలంటే పదిహేడేళ్లు నిండిన వాళ్లకు లైసెన్సు, దానితో ఉప్పునీళ్ల ఎండార్స్‌మెంటు (అదనపు అనుమతి) ఉండాలి. ఏటా సెప్టెంబర్ 1 నుంచి ఆగస్టు 31 దాకా లెక్క. 2021 ఫిబ్రవరి చలికి టెక్సాస్ తీరంలో సుమారు 38 లక్షల చేపలు చచ్చాయని రాష్ట్ర వన్యప్రాణి శాఖ అంచనా వేసింది, వాటిలో ట్రౌట్లు 1,60,000 దాకా ఉన్నాయి. ఆ వారం ఒడ్డున తెల్లటి పొట్టలతో తేలిన పెద్ద చేపలను చూసి నాకు నోట మాట రాలేదు. అందుకే 2024లో నిబంధనలు బిగించారు. రోజుకు మూడే, అవి 15 నుంచి 20 అంగుళాల మధ్యవే ఉంచుకోవాలి. 28 దాటిన దాన్ని ట్యాగ్ (రాష్ట్రం ఇచ్చే చీటీ) కట్టి మాత్రమే తెచ్చుకోవచ్చు. వెళ్లే ముందు ఆ శాఖ వెబ్‌సైట్‌లో తాజా నిబంధన చూసుకోండి. అంటే మీరు కలలు కంటున్న 25 అంగుళాల చేపను చట్టప్రకారం వదలాల్సిందే. 28 దాటిన దాన్ని కూడా వదిలేయమనే నా మనవి. ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా ఒకే ఆడచేప మళ్లీ మళ్లీ గుడ్లు పెడుతుంది. చేతులు తడిపి, పొట్ట కింద ఆసరా ఇచ్చి, నీళ్ల మీదే పొడవు కొలవండి, ఒక ఫోటో తీసుకోండి, దానంతట అది తోక విదిల్చేదాకా పట్టుకుని వదలండి. గోడకు కావాలంటే ఆ కొలతతో ఫైబర్‌గ్లాస్ నమూనా చేసిచ్చే వాళ్లున్నారు.

పులుసుకు పదిహేడు అంగుళాలది చాలా బాగుంటుంది. కోసినప్పుడు మాంసంలో తెల్లటి దారాల్లాంటి పురుగులు కనిపిస్తే భయపడకండి, అవి మనుషులకు అంటవు, తీసేసి వండుకోవచ్చు. గాల్వెస్టన్ బేలో కొన్ని చోట్ల కొన్ని చేపల్లో డయాక్సిన్, పీసీబీ అనే విష రసాయనాలు ఉన్నాయని రాష్ట్ర ఆరోగ్య శాఖ హెచ్చరికలు ఇచ్చింది. మీరు పట్టే చోటుకు అవి వర్తిస్తాయేమో చూసుకోండి, ఇంట్లో గర్భిణులు, చిన్నపిల్లలు ఉంటే మరీ ముఖ్యం.

వెస్ట్ బేలో మీరు రోజూ దిగే చోటు ఆల్చిప్పల నేలా, ఉత్త ఇసుకా అన్నది మీరు రాయలేదు. అది రాస్తే ఎటువైపు నడవాలో ఇంకాస్త వివరంగా చెబుతాను.